బెంగ పెట్టుకోవలసింది చిప్పు మీద కాదు

మా తరం వాళ్ళకు ఈమధ్య ఒక జబ్బు చేసింది. యాభయ్యో పడికి దగ్గరైన ప్రతివారూ పాత ప్రాసెసర్ల మీద స్మృతికావ్యం రాస్తున్నారు. ఒకరు 386ను తలచుకొని నిట్టూరుస్తారు. మరొకరు టర్బో బొత్తాము నొక్కగానే డబ్బా ముందువైపు ఎర్రటి అంకె మారిన వైనాన్ని వర్ణిస్తారు. ఇంకొకరు తాము స్వయంగా బిగించుకున్న మొదటి పెంటియం గురించి, తొలిచూలు బిడ్డ ముచ్చట్లలాగా చెప్పుకొస్తారు. ఎవరు ఎక్కడ మొదలుపెట్టినా చివరికి చేరేది ఒకే వాక్యానికి: కంప్యూటర్లంటే అవీ, ఇప్పటివీ ఉన్నాయి ఎందుకు!

ఈ టపా ఆ వాక్యంతో నా తగువు.

తగువుకు దిగేముందు నా నేరమూ ఒప్పుకోవాలి. నేనిది రాస్తున్న బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకున్న బరువు ఒక సెలెరాన్ 300ఏ. 1999లో విడవలూరులో మా ఇంటికి వచ్చిన మొదటి కంప్యూటరులోది. దాన్ని పారేయమని ఇంట్లోవాళ్ళు ఎన్నోసార్లు చెప్పారు. పారేయలేదు. కాబట్టి జబ్బు నాకూ ఉంది. జబ్బుపడ్డవాడిగానే చెబుతున్నాను: మనం బెంగ పెట్టుకున్నది తప్పు వస్తువు మీద.

ఆ ఎర్రటి అంకె సంగతే తీసుకుందాం. 33 అనో 66 అనో వెలిగే ఆ అంకెను చాలామంది ప్రాసెసరు తనంతట తాను చెప్పుకొనే వేగమనుకున్నారు. కాదు. ఆ పలక వెనక జంపర్లను ఎలా పెడితే అది అలా చూపేది. 66 బదులు 99 చూపమన్నా నిస్సంకోచంగా చూపేది. బొత్తాము అసలు పని కూడా వేగం పెంచటం కాదు. 4.77 మెగాహెర్ట్జ్ యంత్రాల కోసం రాసిన పాత ఆటలు కొత్త యంత్రం మీద మరీ పరుగెత్తకుండా, కావలసినప్పుడు వేగం తగ్గించటం దాని పని. పాత రోజుల మీద మన అంచనా కూడా ఆ పలకలాంటిదే. జంపర్లు మనమే పెట్టుకొని, వెలిగిన అంకెను చూసి మురిసిపోతున్నాం.

మొదట ఖరీదు సంగతి చెప్పుకుందాం. స్మృతికావ్యాల్లో ఇది ఎక్కడా కనబడదు. నా మొదటి కంప్యూటరుకు, అంటే ఆ సెలెరాను, 64 మెగాబైట్ల మెమరీ, 4.3 గిగాబైట్ల హార్డ్ డిస్కు, 14 అంగుళాల మానిటరు అన్నిటికీ కలిపి, 35 వేల రూపాయలయింది. 1999-2000లో సాధారణ రకం వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 490 రూపాయలు. ఆ లెక్కన 71 క్వింటాళ్ళ వడ్లు. మా నెల్లూరు సీమలో పుట్టి అంటే 850 కిలోలు. ఎనిమిది పుట్ల పైచిలుకన్నమాట. ఎకరాకు మూడు పుట్లు పండిందనుకున్నా దాదాపు మూడెకరాల పంట. అదీ ఎరువు, కూలి, నీటితీరువా ఏవీ తీసేయకుండా. ఆ డబ్బు లెక్కపెట్టి నా చేతికిస్తూ మా నాయన ఒక్క మాటే అడిగాడు. "ఇది చెడిపోతే బాగుచేసేవాళ్ళు ఈడ ఎవరన్నా ఉండారా అబ్బయ్యా?" వేగమెంత అని అడగలేదు. ఎవరి కంపెనీ అని అడగలేదు. ఆ ప్రశ్నను కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికే రావాలి.

మా వీధిలో అలా మూడెకరాల పంటను ఒక ఇనుపడబ్బాలో పెట్టగలిగినవాడు మా నాయన ఒక్కడే. నాతో బడికి నడిచి వచ్చిన మిగతా పిల్లలు ఆ అరుగు మీద చుట్టూ చేరి చూశారు, అంతే. పాత రోజులు బంగారు రోజులని మనం రాసుకుంటున్నప్పుడు, ఆ బంగారం ఊళ్ళో ఎన్ని ఇళ్ళలో ఉండేదో రాయటం మరిచిపోతున్నాం.

రెండోది, ఆనాటి కంపెనీలేమీ ధర్మసత్రాలు కావు. 1991లో ఇంటెల్ 486 ఎస్‌ఎక్స్ అని ఒక చవక రకం అమ్మింది. అది మరో రకం చిప్పేమీ కాదు. 486 డీఎక్స్‌లోని గణిత విభాగాన్ని పనిచేయకుండా చేసి తక్కువ ధరకు అమ్మినదే. తరవాత ఆ గణిత విభాగం కావాలనుకున్నవాళ్ళకు 487 ఎస్‌ఎక్స్ అనే అదనపు చిప్పు అమ్మింది. అదేమిటయ్యా అంటే పూర్తి 486 డీఎక్సే. దాన్ని గుచ్చగానే పాత చిప్పు మూగబోయి, మొత్తం పని కొత్తది చూసుకొనేది. ఇక బజారులో దొంగ చిప్పుల సంగతి తెలిసినవాళ్ళకు తెలుసు. పైన ముద్ర చెరిపి, ఎక్కువ మెగాహెర్ట్జ్ అంకె వేసి అమ్మేవారు. నేను కొన్నదానిమీద అంకె అసలుదేనా అని దారి పొడుగునా గుండె దడే. సత్యయుగం ఎప్పుడూ లేదు, మిత్రులారా.

మూడోది, ఆ చిప్పుల గొప్పదనం అంకెల్లో చూసినా నిలవదు. 1981లో ఐబీఎం పీసీకి ప్రాణం పోసిన 8088లో ఉన్నవి 29 వేల ట్రాన్సిస్టర్లు. 1985 నాటి 386లో 2 లక్షల 75 వేలు. 1989 నాటి 486లో సుమారు 12 లక్షలు. 1993లో వచ్చిన పెంటియంలో 31 లక్షలు. 2020లో ఆపిల్ తయారు చేసిన ఎం1 చిప్పులో 1,600 కోట్లు. శక్తి మీదే మన ప్రేమ అయితే, ఇప్పుడు మన జేబులో ఉన్న ఫోనును చూసి రోజూ హారతి పట్టాలి. పట్టం. కాబట్టి మనం ప్రేమించింది శక్తిని కాదు.

మరి దేన్ని? దీనికి జవాబు చెప్పాలంటే ఆ 1999 నాటి రోజు దగ్గరికి వెళ్ళాలి.

హైదరాబాదు మిత్రులకు సికింద్రాబాదు పార్క్ లేనూ, చెనాయ్ ట్రేడ్ సెంటరూ ఎలాగో, నెల్లూరు సీమ వాళ్ళకు మద్రాసు రిచీ వీధి అలాగు. తెల్లవారుజామునే విడవలూరులో బస్సెక్కి, కోవూరు మీదుగా పెన్న వంతెన దాటి, నెల్లూరులో రైలెక్కి మద్రాసు చేరాను. మౌంటు రోడ్డు పక్క సందులో ఆ వీధి. అడుగు తీసి అడుగు వేయటానికి సందులేని జనం. ఒక కొట్టులో మదర్‌బోర్డు, పక్క కొట్టులో మెమరీ, మెట్లెక్కి వెళితే మానిటరు. అయిదు రకాల సామాను అయిదు కొట్లలో బేరమాడి, అట్టపెట్టెలను తాళ్ళతో కట్టి, వచ్చేటప్పుడు రైల్లో ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. ఆ పెట్టెల్లో ఏ రెండూ ఒకే కంపెనీవి కావు. అవన్నీ ఇంటికి వెళ్ళాక ఒకదానితో ఒకటి పలుకుతాయని నాకు హామీ ఇచ్చిన కంపెనీ ఏదీ లేదు. అయినా పలుకుతాయని నాకు తెలుసు. ఇప్పుడు ఆలోచిస్తే ఆశ్చర్యం వేసేది ఇక్కడే.

బిగించటానికి నాకు తోడొచ్చినది మా ఊరి మోటార్లకు తీగ చుట్టే అన్న. పొలాల మోటార్లు, రొయ్యల గుంటల్లో నీళ్ళు చిలికే మోటార్లు, ఏవి కాలిపోయినా ఆయన చేతికే వచ్చేవి. కంప్యూటరు మూత లోపల ఏముంటుందో ఆయన ఆనాటిదాకా చూడలేదు. నాకూ పుస్తక జ్ఞానమే. అరుగు మీద దుప్పటి పరిచి సామాను పేర్చాం. ఆయన ఒక్కొక్కటీ తీసి, అంచులు తడిమి, మదర్‌బోర్డు వైపు చూసి అన్నాడు. "ఏది ఏ గాట్లోకి పోవాల్నో దాని ఆకారమే చెప్తా ఉందిగదా తమ్ముడా. ఇందులో భయపడేదానికేముంది?"

నిజమే. మెమరీ పట్టీకి ఉన్న గాడి ఒక్క వైపే కుదురుతుంది. స్లాట్ 1లో సెలెరాను పాటల క్యాసెట్టులాగా నిలువుగా దిగుతుంది. రిబ్బను తీగకు ఎర్ర అంచు ఒకటో కాలి వైపు ఉండాలి. తప్పు చేసింది ఫ్లాపీ దగ్గర ఒక్కచోటే: తీగ తిరగేసి పెట్టాం, దాని దీపం ఆరకుండా వెలుగుతూ కూర్చుంది. తీసి తిప్పి పెట్టాం, ఆరింది. సాయంత్రానికల్లా తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. ఇద్దరిలో ఎవరికీ ఇంజనీరింగు పట్టా లేదు. ఎవరి అనుమతీ అడగలేదు.

ఆ తరవాత మాకు పరీక్ష పెట్టింది రామతీర్థం తీరం నుంచి వచ్చే ఉప్పుగాలి. వానాకాలం రాగానే యంత్రం తెర చూపకుండా పీ... పీ... అని దీర్ఘంగా ఏడిచేది. మెమరీ పట్టీ కాళ్ళకు పొర పట్టిందని అర్థం. పట్టీ ఊడదీసి, బడిపిల్లల రబ్బరుతో ఆ కాళ్ళను రుద్ది, తుడిచి, మళ్ళీ గుచ్చితే యంత్రం లేచేది. తక్కువ వోల్టేజీకి స్టెబిలైజరు, ఉప్పుకు రబ్బరు. రెండేళ్ళలో చుట్టుపక్కల ఊళ్ళ కంప్యూటర్లు ఆ అన్న కొట్టుకే రావటం మొదలుపెట్టాయి. నేనూ ఊరుకోలేదు. సెలెరాను బస్సు వేగాన్ని 66 నుంచి 100కు మారిస్తే 300 మెగాహెర్ట్జ్ చిప్పు 450లో పరుగెత్తేది. ఆ మార్పుకు వీలు లేని మదర్‌బోర్డుల కోసం, చిప్పు కాళ్ళలో బి21 అనే దాన్ని కప్పేస్తే చాలని ఆనాటి ఔత్సాహికులు కనిపెట్టారు. ఒక మిత్రుడి యంత్రానికి మా అక్క గోళ్ళరంగుతో ఆ కాలు మూశాను. పనిచేసింది. అక్క తిట్టింది.

ఇప్పుడు చెప్పండి. ఈ కథలో వీరుడెవరు? చిప్పా? చిప్పు ఇందులో ఒక పాత్ర మాత్రమే. వీరుడు ఆ గాడి. ఎవరు చేసిన సామాను ఎవరు చేసిన సామానులోనైనా కూర్చునేలా, కూర్చున్నది మళ్ళీ లేచేలా అందరూ ఒప్పుకున్న ఆ సాకెట్టు. మా నాయన ప్రశ్నకు "ఉండారు" అని జవాబు చెప్పగలిగేలా చేసింది అదే.

ఆ సాకెట్టు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఎవరూ దానంగా ఇవ్వలేదు. 1981 ఆగస్టులో పీసీ తెచ్చేటప్పుడు ఐబీఎం తొందరలో ఉంది. అందుకే చిప్పు ఇంటెల్ దగ్గర, ఆపరేటింగ్ సిస్టం మైక్రోసాఫ్ట్ దగ్గర, ఇలా బయటినుంచి కొని కూర్చింది. లోపలి వివరాలను పుస్తకంగా అచ్చువేసింది. తనదంటూ గట్టిగా మిగుల్చుకున్నది బయాస్ ఒక్కటే. 1982లో కాంపాక్, తన మనుషులు ఆ బయాస్‌ను నకలు చేయకుండానే అదే పని చేసే బయాస్‌ను కొత్తగా రాసి, ఐబీఎంకు దీటైన యంత్రాన్ని ప్రకటించింది. 1984 నాటికి ఫీనిక్స్ సంస్థ అలాంటి బయాస్‌ను ఎవరు అడిగితే వాళ్ళకు అమ్మసాగింది. తలుపు అలా తెరుచుకుంది. ఐబీఎం దాన్ని మూయాలని చూడకపోలేదు. 1987లో పీఎస్/2 యంత్రాలతో మైక్రో ఛానెల్ అనే కొత్త స్లాటు తెచ్చి, వాడుకొనేవాళ్ళు రుసుము కట్టాలంది. మరుసటి ఏడు తొమ్మిది కంపెనీలు కూడబలుక్కొని, ఈఐఎస్‌ఏ అనే తమ ఉమ్మడి స్లాటుతో ఎదురు నిలిచాయి. పాత కార్డులు కూడా అందులో కూర్చునేవి. సుంకం గేటు పెట్టిన ఐబీఎం ఆ రోడ్డు మీద చివరికి ఒంటరిదైంది.

చిప్పుల వైపూ ఇదే పోరు. 386, 486 అనే అంకెల మీద వ్యాపార హక్కు దక్కదని అమెరికాలో తేలాక, ఇంటెల్ తన తరవాతి చిప్పుకు 586 అని కాక పెంటియం అని పేరు పెట్టింది. గ్రీకు 'పెంటె'కూ మన 'పంచ'కూ చుట్టరికం ఉంది, అది వేరే ముచ్చట. అంకె ఎవరి సొత్తూ కాదు, పేరు మాత్రం ఒకరి సొత్తు. అయినా సాకెట్ 7 అనే 321 గుంటల చతురస్రం మాత్రం అందరిదిగానే ఉండింది. అదే సాకెట్టులో ఇంటెల్ పెంటియం, ఏఎండీ కె5, కె6, సైరిక్స్ 6ఎక్స్86, ఐడీటీ విన్‌చిప్, ఏది కావాలంటే అది. పెంటియం పిత అని పేరుపడ్డ వినోద్ ధామ్ 1995లో ఇంటెల్‌ను వదిలి నెక్స్‌జెన్‌లో చేరాడు. నెక్స్‌జెన్‌ను ఏఎండీ కొన్నది. 1997లో వాళ్ళ కె6 వచ్చింది. అంటే ఆయన పాత యజమానికి చేసిపెట్టిన చిప్పు కూర్చున్న చోటే, ఆయన కొత్త యజమాని చిప్పు వచ్చి కూర్చుంది. మీట పైకెత్తి పాతది తీయటం, కొత్తది పెట్టి మీట దించటం, అంతే పని. ఒక గ్రామస్థుడి చేతిలో అంత స్వేచ్ఛ పెట్టిన వస్తువు మరొకటి నేను చూడలేదు.

1994 నాటి పెంటియం భాగహారపు తప్పు కథ కూడా ఇక్కడికే వస్తుంది. థామస్ నైస్లీ అనే గణితాచార్యుడు ఆ తప్పు పట్టుకున్నాడు. ఇంటెల్ మొదట నసిగింది, చివరికి డిసెంబరులో అడిగినవాళ్ళందరికీ చిప్పు మారుస్తామంది. అందుకు 47 కోట్ల 50 లక్షల డాలర్లు లెక్కల్లో రాసుకుంది. ఈ కథను అందరూ ఇంటెల్ పరువు గురించి చెబుతారు. నాకు తోచేది వేరు. చిప్పు మార్చి ఇస్తామన్న మాటకు అర్థమున్నది ఎందుకు? అది బోర్డుకు అతికించి లేదు గనుక. ఊడదీయగలిగేది గనుక.

కానీ 1997లోనే ఇంటెల్ పెంటియం 2తో సాకెట్ 7ను వదిలేసి, తన సొంత హక్కులున్న స్లాట్ 1కు మారింది. పోటీదారులు అందులోకి రాలేకపోయారు. ఏఎండీ కొంతకాలం పాత సాకెట్టునే సాగదీసి, 1999లో తన స్లాటు తాను పెట్టుకుంది. అప్పటినుంచి ఎవరి చిప్పుకు వారి బోర్డే. నా బల్ల మీది సెలెరాను ఆ స్లాట్ 1ది. అంటే నేను రోజూ చూసి మురిసిపోయే ఈ స్మృతిచిహ్నమే మొదటి కంచె కొయ్య. ఈ సంగతి తెలిసిన రోజు నవ్వొచ్చింది, కొంచెం కోపమూ వచ్చింది. మన బంగారు రోజుల మధ్యలోనే గేటు మూతపడటం మొదలైంది. మనం మెగాహెర్ట్జ్‌లు లెక్కపెట్టుకుంటూ గమనించలేదు.

ఆ రోజుల్లో "అసెంబుల్డ్" అన్న మాటను కొంతమంది తిట్టులాగా వాడేవారు. పెళ్ళిచూపుల్లో కులం అడిగినట్టు "బ్రాండెడా, అసెంబుల్డా?" అని అడిగేవారు. కానీ మన జిల్లాల్లో నెట్ సెంటర్లు, డీటీపీ కొట్లు, టైపు నేర్పే ఇన్‌స్టిట్యూట్లు నిలబడింది ఆ ఊరూపేరూ లేని డబ్బాల మీదే. మనలో ఎంతమందిమి మొదటి తెలుగు వాక్యాన్ని అలాంటి డబ్బా ముందు కూర్చొని కొట్టామో ఒకసారి గుర్తు చేసుకోండి. తెలుగుకు కంప్యూటరు భాగ్యం పట్టించినవాళ్ళ జాబితా రాసినప్పుడు శాస్త్రవేత్తలను రాస్తాం, సంస్థలను రాస్తాం. మర చేతపట్టుకున్న ఆ మెకానిక్కును ఎవరూ రాయరు.

తెలుగు మాట వచ్చింది గనుక ఇంకో అడుగు వేస్తాను. మన అక్షరాల కథా సాకెట్టు కథే. డాస్ కాలంలో తెర మీద తెలుగు కావాలంటే సీడాక్ వారి జిస్ట్ కార్డు ఉండేది. మదర్‌బోర్డు మీద ఖాళీ స్లాటులో దాన్ని గుచ్చితే తెలుగు కనబడేది. ఆ ఖాళీ స్లాటు అనేదే లేకపోతే? ఆ తరవాత విండోసు మీద ఫాంట్ల యుగం వచ్చింది. ఎవరి ఫాంటు వారిది, ఎవరి సంకేతాలు వారివి. ఒక పత్రిక ఫాంటులో 'క' ఉన్నచోట ఇంకో పత్రిక ఫాంటులో మరేదో ఉండేది. ఎవరి చిప్పుకు వారి బోర్డు అన్నట్టు, ఎవరి అక్షరానికి వారి తాళం. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే 128 గళ్ళు దక్కినా, 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చేదాకా మామూలు మనిషికి అవి అందలేదు. అందాక ఏం జరిగిందో మీకు నేను చెప్పాలా? 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా, 2006లో లేఖిని, పాత ఫాంట్ల చెరనుంచి రాతలను విడిపించిన పద్మ. ఇవన్నీ ఆ ఒక్క ఉమ్మడి గాడిలో కూర్చున్న సామాన్లే. ఆనాడు సొంత ఫాంటులో రాసిన పుటలు నేడు తెరిస్తే గజిబిజి గీతలు. యూనికోడ్‌లో రాసిన మొదటి టపా మాత్రం ఇవాళ మనవడి ఫోనులోనూ అచ్చుగుద్దినట్టు కనబడుతుంది. సాకెట్టు విలువకు ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

ఇక నేటి సంగతి. నిరుడు మా పక్కింటి అమ్మాయి, నెల్లూరులో ఇంజనీరింగు చదువుతున్నది, తన ల్యాప్‌టాప్ పట్టుకొని వచ్చింది. కొని మూడేళ్ళు. తెర రావటం లేదు. కంపెనీ పేరు చెప్పను, చెప్పినా తేడా లేదు. ఇది ఒక్కరి అలవాటు కాదు. సర్వీసు సెంటరు వాళ్ళు మెమరీ పోయిందన్నారట. మెమరీని బోర్డుకే అతికించారు గనుక బోర్డు మొత్తం మార్చాలన్నారట. చెప్పిన ధర కొత్తదాని ధరలో సగం పైన. నాకు అలవాటు పోక దాన్ని మా రివైండింగు అన్న దగ్గరికే తీసుకెళ్ళాను. ఆయనకిప్పుడు డెబ్బై దాటాయి. కళ్ళద్దాలు సర్దుకొని దాన్ని తిరగేసి మరగేసి చూశాడు. ఎలాగో మూత తీశాడు. లోపల నల్లటి చిప్పులను వేలితో తడిమాడు. గాడి కోసం వెతుకుతున్నాడని నాకు అర్థమైంది. "తీసేదీ లేదు, పెట్టేదీ లేదు తమ్ముడా. అంతా అతికించేసి ఉండారు" అని మూత పెట్టేశాడు. ఆయన గొంతులో అంత చిన్నతనం నేను ఎప్పుడూ వినలేదు. కాలిపోయిన మోటారు చూసి కూడా ఆయన ఆ మాట అనలేదు. తప్పు ఆయనది కాదు. ఆయన చేతులు పనికిరావని ఎవరో ఎక్కడో కూర్చొని నిర్ణయించారు.

అతికింపు ఒక్కటే కాదు, కాగితం మీద చంపటమూ ఉంది. 2021లో ప్రకటించిన విండోస్ 11కు టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్‌లో ఇంచుమించు ఎనిమిదో తరం నుంచి మాత్రమే ఒప్పుకుంటుంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ఆగిపోయింది. 2017లో అమ్మిన ఏడో తరం ప్రాసెసర్లు అత్యధికం చక్కగా పనిచేస్తూనే వృద్ధాప్య జాబితాలోకి చేరాయి. పోలికకు ఒక సంగతి: 1991లో 386 మీద పుట్టిన లినక్సు, ఆ చిప్పుకు సెలవు చెప్పింది 2013లో వచ్చిన 3.8తో. ఇరవై రెండేళ్ళు మోసింది.

ఎదుటివాదమూ న్యాయంగా చెప్పాలి. మెమరీ ప్రాసెసరుకు దగ్గరగా అతికితే దారి పొట్టిదై వేగం పెరుగుతుంది, కరెంటు ఆదా అవుతుంది. సన్నగా, తేలిగ్గా చేయవచ్చు. అన్నిటికన్నా పెద్ద మాట: ఆనాడు 35 వేలకు నోచుకోని ఇళ్ళలోకి ఈనాడు ఫోను రూపంలో కంప్యూటరు వచ్చింది. తీరం మీద వలలు బాగుచేసుకొనే మనిషి చేతిలో ఉంది. మా అరుగు చుట్టూ నిలబడి చూసినవాళ్ళ పిల్లల చేతుల్లో ఉంది. దాన్ని చులకన చేస్తే నాకన్నా కృతఘ్నుడు ఉండడు. ఆ బంగారు రోజులకు తిరిగిపోదామని నేను ఒక్కనాటికీ అనను.

కానీ వేగానికి అతికింపు కావాలన్నంత మాత్రాన బ్యాటరీకి జిగురెందుకు? కొత్త తెర బిగిస్తే ఇది మా తెర కాదని ఫోను మొరాయించేలా లోపల నంబర్ల ముడి వేయటమెందుకు? ఇవి భౌతికశాస్త్రం చెప్పినవి కావు, వ్యాపారం చెప్పినవి. తక్కువ కరెంటు మెమరీని కూడా ఊడదీసి పెట్టుకొనేలా చేయవచ్చని 2023 డిసెంబరులో వెలువడిన క్యామ్2 ప్రమాణమూ, మరుసటి ఏడు వచ్చిన ల్యాప్‌టాప్‌లూ చూపించాయి. 2021 నుంచి ఫ్రేమ్‌వర్క్ అనే సంస్థ మరలు విప్పి ఎవరికి వారే బాగుచేసుకొనే ల్యాప్‌టాప్‌లు అమ్ముతోంది. అమెరికాలో ఒరెగన్ రాష్ట్రం 2024లో ఆ నంబర్ల ముడికి అడ్డుచెప్పే చట్టం చేసింది. 2027 ఫిబ్రవరి నుంచి చేతి పరికరాల బ్యాటరీలు వాడేవాడే మార్చుకొనేలా ఉండాలని ఐరోపా సమాఖ్య నియమం పెట్టింది. మన దేశంలోనూ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పేరుతో కేంద్రం ఒక పోర్టలు తెరిచింది. మంచిదే. అయితే పోర్టలు సమాచారం ఇస్తుంది, గాడి ఇవ్వదు. 1988లో తొమ్మిది కంపెనీలు గేటు తెరిపించాయి. ఈసారి కొనేవాళ్ళం గొంతెత్తితే తప్ప తెరుచుకోదు.

అందుకే స్మృతికావ్యాలు రాసే మిత్రులతో నా తగువు. పాత చిప్పు మీద కన్నీరు ఖర్చులేని కన్నీరు. దానివల్ల ఏ కంపెనీకీ నష్టం లేదు. పైగా లాభం: ముసలివాళ్ళు ముచ్చట్లు చెప్పుకుంటున్నారు, వాళ్ళు అడిగేదేమీ లేదని వాళ్ళకు నిశ్చింత. అడగవలసింది మనమే. మూత తెరవటం ఎంత సహజమో చేతులతో తెలిసినవాళ్ళం మనం. మన తరవాతివాళ్ళకు అతికించిన వస్తువే వస్తువు. పోయినదేమిటో వాళ్ళకు తెలియదు గనుక వాళ్ళు అడగరు. తెలిసినవాళ్ళం మనమేమో 66 మెగాహెర్ట్జ్ మీద పద్యాలు అల్లుకుంటున్నాం.

కొనేటప్పుడు కొట్టువాణ్ణి అడగండి: దీని మెమరీ ఊడుతుందా, బ్యాటరీ మారుతుందా, మర విప్పితే గ్యారంటీ పోతుందా అని. జవాబు నచ్చకపోతే కొనకండి, ఎందుకు కొనలేదో రాయండి. అటక మీద పాత డబ్బాను ప్రదర్శనశాలలా దాచకండి. ఒక పిల్లకో పిల్లాడికో స్క్రూడ్రైవరుతో సహా ఇవ్వండి.

నేను ఇచ్చాను. 2005 నాటి నా రెండో కంప్యూటరును ఆ పక్కింటి అమ్మాయి చేతుల్లో పెట్టాను. అదే అరుగు మీద పాత దుప్పటి పరుచుకొని కూర్చుంది. మెమరీ పట్టీని మొదట తిరగేసి పెట్టబోయింది. గాడి ఒప్పుకోలేదు. ఒక్క క్షణం చూసి, తనే తిప్పి పెట్టింది. బొత్తాము నొక్కితే పీ... పీ... అని ఏడుపు. నేను నోరు తెరవబోయేలోగా రివైండింగు అన్న జేబులోంచి బడిపిల్లల రబ్బరు తీసి ఆ అమ్మాయికి అందించాడు.

సెలెరాను ఇంకా నా బల్ల మీదే ఉంది. కాగితాల బరువుగా బాగానే పనికొస్తోంది. అంతకు మించి దాన్ని పొగడను. తగువు పడదలచుకున్నవాళ్ళకు స్వాగతం.